పావని కుర్చీ, మా వంతులు

పావని ఆఫీసు ఆమె పడగ్గదిలోనే ఉంది. పొద్దున్నే తలుపు వేసుకుంటే ఆఫీసుకు వెళ్ళినట్టు, చీకటి పడ్డాక తలుపు తీస్తే ఇంటికి వచ్చినట్టు. బ్యాంకు కార్డుల మీద జనం చేసే ఫిర్యాదులు వినడం ఆమె పని. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని రోజంతా "సారీ అండి, చూస్తున్నానండి" అంటూనే ఉంటుంది. ఏ తప్పూ చెయ్యని పిల్ల అలా అందరికీ క్షమాపణలు చెబుతుంటే, పక్కింట్లో ఉన్న నాకు ఒళ్ళు మండిపోయేది.

ఏడాది తిరిగేసరికి పావనికి నడుము పట్టేసింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. రాజమండ్రిలో డాక్టరుగారు నడుముకి బెల్టు ఇచ్చి, గంటకోసారి లేచి తిరగమన్నారు. తిరిగితే ఉద్యోగం ఊడుతుంది. ఆ కంప్యూటరు చెప్పాపెట్టకుండా ఫోటోలు తీస్తుంది మరి. కుర్చీ ఖాళీగా కనిపిస్తే పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. అవి పెరిగితే ఇంటికి పంపించేస్తారు, అంటే ఉన్న ఇంట్లోనే ఉద్యోగం లేకుండా కూర్చోబెడతారు. మళ్ళీ పని వెతుక్కుంటూ హైదరాబాదు హాస్టలుకు పోవాలి. అక్కడి సాంబారు తలుచుకుంటేనే పావనికి కళ్ళనీళ్ళు వచ్చేవి.

మా ఎదురింటి పాపాయి పిన్నికి పూతరేకుల పాక ఉంది. ఆత్రేయపురంలో ఉండి ఇంకేం చేస్తాం, నేనూ లోవలక్ష్మీ అక్కడే రేకులు తీస్తాం. బోర్లించిన కుండ, దాని కింద మంట, ముందు పొట్టి పీట. పొద్దున కూర్చున్న నడుము మధ్యాహ్నానికి మనది కాదు. అందుకే మాకో పద్ధతుంది. కుండ కాగాక పీట ఖాళీగా ఉండకూడదు. ఒకరి నడుము పోగానే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. ఎవరు కూర్చున్నారన్నది ఎవరికీ పట్టదు, రేకు పలచగా వస్తే చాలు.

ఒకరోజు పావని గోడ పట్టుకుని నడుస్తుంటే పిన్ని ఆపి సంగతంతా రాబట్టింది.

"ఓస్, ఇంతేనా! దానికి కావల్సింది కుర్చీలో మనిషేగా? నువ్వు పడుకో, నేను కూర్చుంటాను."

"వద్దు పిన్నీ, మొహం చూస్తారేమో."

"అందరి మొహాలూ చూస్తూ కూర్చోడానికి వాళ్ళకేం పనుండదా ఏంటి?"

నిజమే అనిపించింది పావనికి. అంత నొప్పిలో ఏది చెప్పినా నిజమే అనిపిస్తుంది.

ఆ రోజునుంచి పావని చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని సారీలు చెప్పింది. కుర్చీలో పిన్ని. వెనక మెత్తటి ఆనుడు, నెత్తిన ఫ్యాను. పావని నడుము సంగతేమోగాని, పిన్ని నడుముకు మాత్రం స్వర్గం దొరికింది. ఆ స్వర్గం గురించి పాకలో చెప్పకుండా ఉండలేకపోయింది. మర్నాడు లోవలక్ష్మి, ఆ తరవాత నేను. చివరికి వంతుల కోసం కొట్టుకునేదాకా వచ్చాం. లోవలక్ష్మి కూర్చోగానే గురక పెట్టేది. కార్డు పోయిందని ఫోన్ చేసినాయన "ఎవరిదండీ ఆ గురక?" అని అడిగితే, "లైను బాగాలేదండి, సారీ అండి" అంది పావని.

మూడోవారం మేనేజరు ఉదయభాస్కర్ గారు పావని టీము మొత్తాన్నీ వీడియో మీటింగుకి పిలిచారు. మేం ముగ్గురం తలుపు సందులోంచి చూస్తున్నాం. ఆయన తెరమీద ఫోటోలు వేశారు. కిళ్ళీ నములుతూ పిన్ని, నోరు తెరుచుకుని లోవలక్ష్మి, జడ వేసుకుంటూ నేను. నా పెళ్ళి ఫోటోకన్నా అదే బాగా వచ్చింది. అది చెప్పే సమయం కాదని ఊరుకున్నాను.

"ఏంటండీ ఇది పావని గారూ? వీళ్ళలో మీరెవరు?"

మా కులాసా కోసం పిల్ల పొట్ట కొట్టామే అని నాకు ఏడుపొచ్చింది. పావని జవాబు చెప్పబోతుండగా నడుము కలుక్కుమంది. గబుక్కున లేచి నిలబడింది. తెరమీద మొహం పోయి, బెల్టు బిగించిన నడుము మిగిలింది.

"కూర్చుని మాట్లాడండి."

"కూర్చోలేనండి. కూర్చోగలిగితే వాళ్ళనెందుకు కూర్చోబెడతానండి?"

ఆ మాటకి, టీములో పిఠాపురంనుంచి పనిచేసే జానకిరామ్ లేచాడు. అతనిదీ బెల్టే. తరవాత ఒకామె లేచింది, నడుముకి వేడినీళ్ళ సంచి కట్టుకుని ఉంది. ఒక్కొక్కరే లేస్తూపోయారు. తెరనిండా నడుములే. మొహమంటూ మిగిలింది మేనేజరు గారిదొక్కటే. ఆయన అవన్నీ చూసి, బల్ల పట్టుకుని, "అమ్మా" అంటూ తనూ లేచారు.

"ఫోటోలు పైకి పంపను," అంది ఆ నడుము. "అందరూ గంటకోసారి లేవండి. ఎర్ర గుర్తుల సంగతి నేను చూసుకుంటాను. ఆ నిద్రపోయే ఆవిణ్ణి మాత్రం ఇంక కూర్చోబెట్టకండి."

పావని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. పాపాయి పిన్ని మాత్రం తలుపు సందులోంచి కన్ను తియ్యకుండా ఆ నడుములన్నిటినీ చూస్తోంది.

"ఇంతమంది బదులు కూర్చోవాలంటే మన వీధివాళ్ళం సరిపోమే," అంది దిగులుగా.