గబ్బిలం కలిపిన వరస

నేను కోదాడలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఇల్లు సూర్యాపేట. మనసు మాత్రం అప్పట్లో మిర్యాలగూడలో ఉండేది. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. మిర్యాలగూడ అబ్బాయి హాలియాలో వ్యవసాయ శాఖలో పనిచేసేవాడు. పొద్దంతా పొలాల వెంట తిరిగి సాయంత్రం నాకు ఫోన్ చేసేవాడు. వరి తెగుళ్ళ గురించి మాట్లాడినా నాకు అవి ప్రేమ కబుర్లలాగే వినిపించేవి. అంతగా ముదిరింది వ్యవహారం.

వచ్చిన చిక్కల్లా ఒకటే. అతను నాకు అన్న వరస.

మా నాన్న, వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళు కాకముందు నుంచే దోస్తులు. మిర్యాలగూడ రైసు మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు పెట్టుకుని, ఒకే చెట్టు కింద పడిగాపులు కాసి కలిసినవాళ్ళు. అక్కడే మా నాన్న ఆయన్ని 'అన్నా' అన్నాడు. ఆ పిలుపు అట్లాగే అతుక్కుపోయింది. ఆయన పెళ్ళి చేసుకుంటే ఆవిడ మా నాన్నకు వదిన అయింది, నాకు పెద్దమ్మ అయింది. వాళ్ళకు కొడుకు పుడితే నాకు అన్న అయ్యాడు. అన్నదమ్ముల పిల్లలకు పెళ్ళి అంటే మా నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయే రకం. అందుకే మేమిద్దరం ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఈలోపు నాకు సంబంధాలు రావడం మొదలైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే వర్గీకరణ పాఠం వచ్చింది. రాజ్యం, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. ఒక్కో మెట్టు దిగుతున్నకొద్దీ గుంపు చిన్నదవుతుంది, చుట్టరికం దగ్గరవుతుంది. ఆవు, బర్రె, మేక, గొర్రె అన్నీ ఒకే కుటుంబమని చెబితే పిల్లలు నన్ను అనుమానంగా చూశారు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మేడం, గబ్బిలం ఎగురుద్ది కదండి. మరి పక్షుల్లో ఎందుకు పెట్టలేదు?"

ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే. నేనూ ఏటా చెప్పే జవాబే మొదలుపెట్టాను. రెక్కలు చూసి మోసపోవద్దు, ఎగరాల్సిన అవసరం వచ్చి ఎవరి రెక్కలు వాళ్ళు తెచ్చుకున్నారు. ఒంటి మీద వెంట్రుకలు చూడండి, పిల్లలకు పాలివ్వడం చూడండి. గబ్బిలం మనలాగే క్షీరదం. పైపై పోలికతో చుట్టరికం కలపకూడదు, పుట్టుకను బట్టి కలపాలి.

ఆ మాట నా నోటితో నేనే అని, చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు నిలబడిపోయాను. మా నాన్న పిలిచే 'అన్నా' కూడా ఆ రెక్కలాంటిదే కదా. మిల్లు ముందు అవసరం కొద్దీ మొలిచింది. పుట్టుక చూస్తే లెక్క మారిపోతుంది. అబ్బాయి వాళ్ళమ్మకు అమ్మమ్మ, మా నాన్నకు అమ్మమ్మ సొంత అక్కచెల్లెళ్ళు. ఈ సంగతి అమ్మ ఎప్పుడో బియ్యం చెరుగుతూ చెబితే విని వదిలేశాను. ఆ లెక్కన ఆవిడ మా నాన్నకు చెల్లెలు. ఆవిడ కొడుకు నాకు మేనత్త కొడుకు, అంటే బావ.

నవ్వు ఆగలేదు. గబ్బిలం గురించి ఇంత సంబరమేమిటో పిల్లలకు అర్థం కాలేదు. సాయంత్రం సూర్యాపేట బస్సులో సీటు దొరక్కపోయినా పట్టించుకోకుండా, కడ్డీకి వేలాడుతూ అతనికి ఫోన్ చేశాను.

"నువ్వు నాకు అన్నవు కావు," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు.

"మంచిదే గద. ఇంతకీ నీకు నేనేమైత?"

గొంతు తగ్గించి చెప్పాను. "మల్ల ఒక్కసారి అను," అన్నాడు. దిగేదాకా అంటూనే ఉన్నాను.

ఇంటికి రాగానే నాన్నను కూర్చోబెట్టి నాకు ఎవరు కావాలో చెప్పేశాను. ఆయన ముఖం మాడ్చుకునేలోపే గబ్బిలంతో మొదలుపెట్టి అమ్మమ్మల దాకా వచ్చాను.

"గబ్బిలానికీ నీ పెండ్లికీ ఏం సంబంధం బిడ్డా?" అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "అది చెప్పేది నిజమే. ఆమె నీకు చెల్లె అయితది. దోస్తు మోజుల పడి నువ్వే మర్సినవ్."

"ఇన్నేండ్లు అన్నా అన్న నోటితోటి ఇప్పుడు బావా అని ఎట్ల పిలుస్త? మంది నవ్వరా?"

"నవ్వితే నవ్వనియ్యి. బిడ్డ ఏడ్సుడు కన్న నయమే."

నాన్న చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. నా ప్రాణం ఆ మీసం చివర వేలాడుతోంది. చివరికి ఫోన్ తీసి, అలవాటు ప్రకారం స్పీకర్ పెట్టి కలిపాడు. ఎత్తింది దోస్తు కాదు, ఆయన భార్య. నాన్న తడబడ్డాడు. 'వది' దాకా వచ్చిన మాటను మింగేసి, "చెల్లె," అన్నాడు.

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా అన్నా?" అంది ఆవిడ. "ఈ ఇంట్ల అడుగువెట్టిన్నాడే వదినా అన్నవ్. చెల్లెనని చెప్దామనుకున్న, కొత్త కోడల్ని, నోరు రాలె. తోడబుట్టినోళ్ళు లేనిదాన్ని. నువ్వన్న గుర్తువడ్తవేమో అని ప్రతిసారి సూసిన."

నాన్న తల దించుకున్నాడు. పొద్దుటి నుంచి ఎగురుతున్న నేనూ నేల మీదికి దిగాను. ఆవిడ ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది.

"ఇగ మేనత్తను గద. నీ బిడ్డను నాకిస్తవా?"

నాన్న ఫోన్ నా చేతిలో పెట్టాడు. పెద్దమ్మా అంటూ పెరిగిన మనిషిని మొదటిసారి "అత్తా," అని పిలిచాను. తలెత్తి చూస్తే, నాన్న అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. దుకాణాలు మూయకముందే చెల్లెకు చీర కొనాలట.