గాడిద మీది కవి

తాష్‌బులాక్ ఊళ్ళో ఇమాష్ కవి విగ్రహానికి ముసుగు తీయగానే అందరూ చప్పట్లు కొట్టారు. బురుల్ ఒక్కతే మూతి తిప్పుకుంది. ఎనభై ఒకటో ఏట ఉన్న ఆవిడ ఎన్నడో పోయిన ఆ కవి పెళ్ళాం. ముప్పై ఏళ్ళ కాపురంలో మొగుణ్ణి గుర్రం మీద చూసిన రోజు ఒక్కటీ లేదు. కంచు ఇమాష్ మాత్రం ముందుకాళ్ళు లేపిన గుర్రం మీద కూర్చుని ఎవరి మీదికో దూకుతున్నాడు!

చిన్నప్పుడు తుంటి విరిగాక ఆయన జీను ఎక్కలేకపోయాడు. గాడిద మీద పక్కకి కూర్చుని ఊళ్ళు తిరిగేవాడు. నడక రాకముందే గుర్రం ఎక్కే జనంలో మగాడు గాడిదెక్కితే ఇంకేముంది? "అదుగో, గాడిదకవి!" అని ఇకిలించారు. విందులకు పిలిచి, వాకిలి పక్కన కూర్చోబెట్టి, ఎవరికీ అక్కర్లేని మెడ ఎముక ముందు పడేశారు.

ఆయన ఊరుకోలేదు. నలభై చరణాల గాడిద పాట కట్టాడు. మంచు ముంచెత్తిన ఏడాది ఊరుమ్మడి మంద గొర్రెల్ని దొంగచాటుగా అమ్ముకుని, తోడేళ్ళు తినేశాయని లెక్క చెప్పిన ఒక పెద్దమనిషిని ఆ పాటలో గాడిద చేత నిలదీయించాడు. ఆ పెద్దమనిషి కొడుకే ఇప్పటి ఊరిపెద్ద కెరిమ్‌బాయ్. ఈ విగ్రహం, ఈ విందు, ఈ హడావుడి అంతా అతగాడిదే.

రెండేళ్ళ కిందట "అచ్చు వేయిస్తా పెద్దమ్మా" అని ఇమాష్ చేతిరాత పుస్తకం పట్టుకుపోయాడు. వేయించాడు కూడా, బంగారు అక్షరాల అట్టతో. అందులో గాడిద లేదు. గాడిద ఉన్న ప్రతిచోటా మేలుజాతి గుర్రం వచ్చి చేరింది. గొర్రెల చరణాలు ఒక్కటీ మిగల్లేదు.

"నా పుస్తకం ఏదిరా?" అని అడిగింది బురుల్.

"ఎక్కడో పడిపోయింది పెద్దమ్మా. అయినా పిల్లలు చదివేదాంట్లో గాడిదేంటి చెప్పు? పెదనాన్న పరువు కాపాడాను."

"ఆయన పరువా, మీ అయ్య పరువా?"

కెరిమ్‌బాయ్ నవ్వేశాడు. సిగ్గూ శరం ఆ ఇంటి ఛాయలకే రాలేదు.

ఇక అసలు పాట మిగిలింది బురుల్ నోట్లోనే. తను కన్నుమూస్తే అదీ పోతుంది, గుర్రం మిగులుతుంది. ఆ తలపుకే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

విందు గుడారంలో అందరికన్నా గొప్పవాడికి పెట్టే గొర్రె తలకాయ కెరిమ్‌బాయ్ ముందు పెట్టారు. కవిగారి గుర్రానికి కళ్ళెం పట్టేవాణ్ణని ఒక ముసలాడు కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. అప్పట్లో గాడిద మీదికి రాళ్ళు రువ్వింది వాడే! భోజనాలయ్యాయి.

"పెద్దమ్మా, దీవెన నువ్వే ఇవ్వు. కాస్త తొందరగా కానియ్, పట్నం నుంచొచ్చిన అధికారులు బయల్దేరాలి," అన్నాడు కెరిమ్‌బాయ్.

అందరూ అరచేతులు చాచారు. దీవెన ముగిసి, తథాస్తు అన్నట్టు "ఓమీన్" అని మొహం తుడుచుకునేదాకా చేతులు దించకూడదు, లేవకూడదు, మధ్యలో నోరెత్తకూడదు. అది తప్పినవాణ్ణి ఊరు మనిషిగా చూడదు.

బురుల్ గొంతు సవరించుకుని గాడిద పాట ఎత్తుకుంది.

"పొడుగు చెవులు నావి, పెద్దయ్యా, విన్నదేదీ మరవను.
గొర్రెను తోడేలు తింది సరే, తోలు సంతలో అమ్మిందెవరు?"

కెరిమ్‌బాయ్ మొహం మాడిపోయింది. "పెద్దమ్మా, ఇదేం..." అనబోయాడు.

"నోర్ముయ్. దీవెన నడుస్తోంది," అని పక్కనున్న పెద్దాయన మోకాలితో పొడిచాడు.

పదో చరణానికి అధికారులకు చాచిన చేతులు నొప్పెట్టసాగాయి. ఇరవయ్యో చరణానికి వాకిలి దగ్గరి ఆడవాళ్ళు విన్న మాటల్నే మళ్ళీ అనుకుంటూ పెదాలు కదుపుతున్నారు. ముప్పయ్యో చరణం దాటేసరికి "తోలు సంతలో అమ్మిందెవరు?" అన్న మాట వచ్చినప్పుడల్లా బయట పిల్లలు గట్టిగా అరుస్తున్నారు. బురుల్ ఒక్క చరణం కూడా వదల్లేదు.

నలభయ్యోది అయ్యాక కెరిమ్‌బాయ్ కళ్ళలోకి చూసింది.

"ఈ పాట మీ పిల్లల నోట, వాళ్ళ పిల్లల నోట నూరేళ్ళు నడవాలి. ఓమీన్!"

అందరూ మొహాలు తుడుచుకున్నారు. కెరిమ్‌బాయ్ కూడా తుడుచుకుని, ఊరంతా చూస్తుండగా, "ఓమీన్" అన్నాడు.