అవుట్‌బాక్స్ దాటని అర్జీ

నేను రాసిన అయిదు ఈమెయిళ్లకు కాలువ ఆఫీసువాళ్లు జవాబివ్వలేదు. ఆళ్లగడ్డ దగ్గర నా వరి పొట్టకొచ్చి, నీళ్లు లేక ఎండుతోంది. ఈ వయసులో కంప్యూటర్ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి, ఊరుకుంటానా? రుజువుగా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని నంద్యాలలోని ఆ ఆఫీసుకే వెళ్లాను.

"జవాబు రాసేదానికి చేతులు పడిపోయినాయా తల్లీ?" అని అందరి ముందూ ఇంజనీరమ్మ మీద అరిచాను.

ఆమె ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని చూసింది. "పెద్దాయనా, అన్నీ మీ అవుట్‌బాక్స్‌లోనే ఉండాయి. ఒక్కటీ బయటికి పోలా. ఇంత బరువు ఏం కట్టినారు దీనికి?"

మా తాతనాటి పట్టా మొదలు శిస్తు రసీదుల దాకా నలభై కాగితాల ఫొటోలు ప్రతిదానికీ జతచేశాను. రుజువులన్నీ లేకుంటే అర్జీ చెల్లదని నా పాత అలవాటు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె నవ్వలేదు. సర్వే నంబరున్న ఒక్క కాగితం ఉంచి, మిగతావి తీయించి, నా చేతనే మళ్లీ పంపించింది. తిట్టినవాడికి అంత ఓపికగా నేర్పినవాళ్లను నా డెబ్బై ఆరేళ్లలో చూడలేదు.

ఇంటికొచ్చి తెరిచేసరికి జవాబు ఉంది: "అయ్యా, మీ అర్జీ అందింది. రేపు పొద్దున మీ తూముకు నీళ్లు వదులుతున్నాం. మీ తిట్లు మాత్రం అర్జీకంటే ముందే అందాయి."