నాలుగు నోళ్ళ కార్బురేటర్

నా చిన్నప్పుడు రంగూన్‌లో బేరమాడటంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు గట్టి నమ్మకం. కొట్లో పుట్టి తక్కెడ పక్కన పెరిగినదాన్ని. పదకొండేళ్ళకే, సరుకుతో పాటు అమ్మేవాడి జాలి కూడా మూటగట్టుకుని వచ్చేదాన్ని. ఆ నమ్మకం నాలుగు రోజుల్లో ఎలా ఆవిరైందో చెబుతాను.

ఊరు అట్టుడుకుతున్న రోజులవి. పొద్దున ఊరేగింపులు, మధ్యాహ్నానికి వీధి మొగల్లో సైనికులు. బస్సులు లేవు. మా పిన్నికి నెలలు నిండాయి. మొదటి కాన్పు ఇంట్లోనే జరిగి బిడ్డ దక్కలేదు. ఈసారి నొప్పులు మొదలవగానే ఆసుపత్రికి తెచ్చెయ్యాలని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. మా వీధి మొత్తానికి ఉన్నది ఒకటే కారు, పక్కింటి బర్మా పెద్దాయనది. ఆయన్ని మేమంతా ఊలే అనేవాళ్ళం, బాబాయి అన్నట్టు. ఎవరో విదేశీయుడు వదిలిపోయిన రెండు తలుపుల అమెరికా కారు, ఎనిమిది సిలిండర్ల ఇంజిను. దాని కార్బురేటర్ పగిలి మూలపడింది. గాలిలో పెట్రోలు కలిపి ఇంజినుకి అందించేది అదే. బయటి సరుకు దేశంలోకి రాని కాలం కనుక పాత సామాన్ల బజారే దిక్కు.

మా తాతయ్య ఇన్సేన్ రైలు కార్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. మోకాళ్ళ నొప్పితో మంచం దిగలేక నన్నూ అమ్మమ్మనీ పంపాడు. లారీకి వాడే చిన్నది, గాలి పీల్చే నోళ్ళు రెండే ఉన్నది తెమ్మన్నాడు.

బజారులో అదీ ఉంది, దాని పక్కనే నాలుగు నోళ్ళ పెద్దదీ ఉంది. డబ్బు నోట్లని ఎవరూ నమ్మని రోజులు, సరుక్కి సరుకే. ఏదైనా సరే గొడుగూ నాలుగు సబ్బులూ అన్నాడు అమ్మేవాడు. అదే వెలకి పెద్దది వస్తుంటే చిన్నది కొనేవాళ్ళు మా వంశంలో లేరు. మూడుసార్లు వెళ్ళిపోతున్నట్టు నటించి, రెండు సబ్బులు తగ్గించి పెద్దది తెచ్చాను. ఓడినవాడు అంత సంబరంగా కాగితం చుట్టి ఎందుకిచ్చాడో అప్పుడు నాకు తట్టలేదు.

తాతయ్య చూడకముందే ఊలే దాన్ని బిగించేశాడు. కారు గుర్రంలా పరుగెత్తింది. నేను గడపలో నిలబడి పొంగిపోయాను. మలుపు దగ్గర నెమ్మదించి మళ్ళీ తొక్కేసరికి ఠప్పుమని దగ్గి ఆగిపోయింది. అచ్చం తుపాకి చప్పుడు. తలుపులు ధడధడా మూసుకున్నాయి, టీకొట్టు జనం బల్లల కిందికి దూరారు. వీధి చివర సైనికుడు ఇటు తిరిగి చాలాసేపు చూశాడు. నా పక్కనున్న పిన్ని భయంతో పొట్ట పట్టుకుని నేలమీద కూలబడింది.

తాతయ్య నన్ను తిట్టలేదు. పెరట్లోంచి బొప్పాయి కాడలు తెమ్మన్నాడు. గ్లాసు నీళ్ళలో సన్న కాడ ఒకటి నిలబెట్టి, దాని కొసకి అడ్డంగా ఇంకో సన్న కాడతో ఊదమన్నాడు. ఊదితే నీళ్ళు పైకెక్కి ఆయన మొహం మీదే చిమ్మాయి. తుడుచుకోకుండా ఈసారి లావు వెదురు గొట్టం ఇచ్చాడు. బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదినా ఒక్క చుక్క లేవలేదు.

"ఊపిరి అదే గదే. గొట్టం పెద్దదైతే గాలి బద్దకిస్తాది. బద్దకం గాలి పెట్రోల్ని లాగదు. రేసుకెళ్తే నీ పెద్దది మంచిదే. మీ పిన్నిని నడక జోరున తీసుకెళ్ళాల. ఇంజిను ఎంత పీలుస్తాదో సూసి నోరు పెట్టాల గానీ, ఎంతకి గిట్టిందో సూసి ఏటి పెడతాం?"

మర్నాడు మళ్ళీ పంపుతూ ఒక్క మాటే అన్నాడు: "అడిగింది ఇచ్చెయ్. బేరమాడకు."

అమ్మేవాడు నన్ను చూసి నవ్వాడు. "వచ్చావా చెల్లీ, ఏడాదిగా ఆ పెద్దదాన్ని ఎవరూ ముట్టలేదు" అని, పెద్దది వెనక్కి తీసుకుని పైన నాలుగు సబ్బులడిగాడు. నాలుక దురద పుట్టింది. దాన్ని పళ్ళ మధ్య పెట్టి సబ్బులిచ్చాను.

చిన్న కార్బురేటర్‌ని ఆ ఇంజిను మీద కూర్చోబెట్టడానికి తాతయ్య మంచం మీదే రెండు రోజులు అల్యూమినియం పలక అరగదీశాడు. ఊలే దాన్ని బిగించిన పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. పిన్ని నా చెయ్యి వదల్లేదు కాబట్టి అమ్మమ్మతో పాటు నేనూ కారెక్కాను.

పెద్ద రోడ్డు మీద కాపలా ఉన్న సైనికుల్లో ఒకడు చెయ్యెత్తాడు. కారు ఆగింది. వాడు వంగి పిన్నిని చూశాడు, నన్ను చూశాడు, పొమ్మని చెయ్యి ఊపాడు. మొన్న దగ్గింది సరిగ్గా ఇలాంటప్పుడే, నెమ్మదించి మళ్ళీ కదిలేటప్పుడు. తుపాకులు ఐదడుగుల దూరంలో ఉన్నాయి. "ఊలే, మెల్లగా" అంది అమ్మమ్మ. ఆయన పాదం ఆనించాడు. నేను కళ్ళు మూసుకున్నాను. పాలు తాగిన పిల్లిలా గురగురమంటూ కారు కదిలింది. ఆసుపత్రి మెట్ల దాకా అదే గురగుర. మధ్యాహ్నానికి పిన్నికి ఆడపిల్ల పుట్టింది.

ఆ పిల్ల కూతురే ఇప్పుడు నా కొట్లో కూర్చుంటోంది. నేను బేరం మానలేదు, మానను కూడా. కానీ చవగ్గా దొరికిన పెద్ద వస్తువు మీదికి చెయ్యి వెళ్ళినప్పుడల్లా పెదాలు సున్నాలా చుట్టి ఒకసారి ఊది చూసుకుంటాను, ఇది లాగేంత ఊపిరి నాకుందా అని. ధర విని నిట్టూర్చాననుకుని ఎదుటివాడు ఇంకాస్త తగ్గిస్తాడు. అయినా చాలాసార్లు వదిలేసే వస్తాను.