మెట్రిక్ మొగుడు

వెంకటనారాయణ మెట్రిక్ పాసయ్యాడన్న ఒక్క మాటకే మురిసిపోయి హైమను ఆయనకిచ్చి చేశాడు వాళ్ళ నాన్న. జూలూరుపాడులో కాపురం పెట్టాక ఆ మాట ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలియదు.

"అది లాటిన్ మాట. కాలేజీలో చేరడానికి అర్హత అని అర్థం," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. కాలేజీలో మాత్రం చేరలేదు. పంచాయతీ గుమాస్తా పనికి పిలిస్తే చిన్నతనమన్నాడు. బడిలో పాఠాలు చెప్పమంటే పిల్లల గోల పడలేనన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని హోటల్లో పేపరు చదవడమే ఆయన ఉద్యోగం. మిరపతోట హైమ చూసుకునేది. తోట సంగతి ఆమె ఏదైనా చెప్పబోతే, "ఏడో తరగతి దానివి, నీకేం తెలుసు?" అని నోరు మూయించేవాడు.

ఎనభైల్లో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. మెట్రిక్ లేకపోయినా ప్రవేశ పరీక్ష నెగ్గితే డిగ్రీకి కూర్చోవచ్చట. హైమ పుస్తకాలు తెప్పించుకుని, కాయ కోతల మధ్య దొరికినప్పుడల్లా చదివింది. తండా నుంచి కూలికొచ్చే రూప్లి ఒకరోజు అడిగింది.

"ఇంత పని పెట్టుకొని గీ సదువెందుకమ్మా?"

"ఆయన గీర చూళ్ళేక," అంది హైమ. ఆమెకు చదువు మీద ప్రేమేం లేదు అప్పటికి.

పరీక్ష నెగ్గింది. వెంకటనారాయణ ముఖం మాడ్చుకున్నాడు.

"మెట్రిక్ లేనిదాన్ని కాలేజీలో ఎట్లా చేర్చుకున్నారు?"

"మెట్రిక్ ఉన్న మీరెందుకు చేరలేదు?"

ఆ పూట ఆయన అన్నం తినలేదు. ఆమె బతిమాలనూ లేదు. ఆదివారం తరగతులకు కొత్తగూడెం బస్సెక్కి పోయేది. చదవగా చదవగా చరిత్ర పాఠాలు ఆమెకు నిజంగానే రుచించాయి. ఒక్కోసారి మొగుణ్ణి ఉడికించాలన్న సంగతే మరిచిపోయేది.

డిగ్రీ చేతికొచ్చాక టేకులపల్లిలో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా వేశారు. చేరిన వారానికే వెంకటనారాయణ తెల్లచొక్కాతో వచ్చి వరండాలో కుర్చీ వేసుకున్నాడు. పిల్లల్ని దిగబెట్టడానికి వచ్చిన తల్లిదండ్రులతో, "మా ఆవిడకు అప్పట్లో అక్షరం ముక్క వచ్చేది కాదు. అంతా నేనే చదివించా," అని చెబుతున్నాడు.

కూతుర్ని దిగబెట్టడానికి వచ్చిన రూప్లి అది విని, లోపలున్న హైమ దగ్గరికొచ్చి మండిపడింది. "గట్ల అంటుండేందమ్మా? నువ్వు చెప్పవా?"

హైమ కిటికీలోంచి ఆయనను ఓసారి చూసింది. ఖండించడమంటే ఆయనను లెక్కలోకి తీసుకోవడమే అనిపించింది.

"ఖాళీ కుర్చీయేగా, కూర్చోనీ," అని, పిల్లలకు అన్నం ఉడికిందో లేదో చూడటానికి వంటింట్లోకి పోయింది.