వైరులో అతుకు

కాలిపోయిన మోటారును మా షెడ్డులో దించిన ప్రతి రైతూ ఒకటే చెబుతాడు. కరెంటు సరిగ్గా రాలేదు, అందుకే కాలింది అంటాడు. బోరులో నీళ్లు లేకపోయినా తిప్పాను అని ఒప్పుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. వైండింగ్ షాపుల వాళ్లమూ అంతే. మా చేతిపని బాగాలేక కాలింది అని ఎవరమూ చెప్పం. కరెంటు వచ్చి అడగదు కాబట్టి తప్పంతా దాని మీదే వేస్తాం.

మా షెడ్డు కంబదూరు రోడ్డు పక్కన ఉంది. పైన రేకులు, లోపల ఒక బల్ల, నీళ్ల డ్రమ్ము, గోడ నిండా సుద్దతో రాసిన అంకెలు. ఆ అంకెలు నావే. నేను మూడో తరగతి వరకే చదివాను. అంకెలు, కూడికలు, నా పేరు, బస్సు మీద ఊరి పేరు చదవడం వచ్చాయి. ఈ పనికి అంతకంటే ఎక్కువ అవసరం పడలేదు.

మా ఆయన బెంగళూరులో ఒక షాపులో పని నేర్చుకొని వచ్చాడు. బోరులోకి దించే మోటారు పొడుగ్గా గొట్టంలా ఉంటుంది. దాని లోపలి గోడకు పొడవునా గాడులు ఉంటాయి. రాగి వైరును ఒక కొసన ఒకరు గాడిలోకి తోయాలి, రెండో కొసన ఇంకొకరు లాగి మళ్లీ వెనక్కి పంపాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మొదట్లో ఆయన పెట్టుకున్న మనిషి వారంలో మూడు రోజులు వచ్చేవాడు కాదు. ఇంట్లో ఉన్నదాన్ని నేనే కదా అని ఒకరోజు నన్ను కూర్చోబెట్టాడు. ఆ తర్వాత మనిషి అవసరం రాలేదు. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు ఆయన కూర్చున్న చోట నేను, నేను కూర్చున్న చోట నా కోడలు. నా కొడుకు బోర్లలో నుంచి మోటార్లు పైకి తీసే బండి నడుపుతాడు, పొద్దున పోతే సాయంత్రానికి వస్తాడు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. తోసేవాళ్లు లెక్క పైకి చెప్పాలి, లాగేవాళ్లు మనసులో చెప్పుకోవాలి. వచ్చినవాళ్లు ఎంతటివాళ్లయినా బల్ల మీద కూర్చొని ఆ గాడి నిండేదాకా ఆగాలి. నడుమ మాట్లాడితే ఆ గాడిలో వేసిన వైరంతా లాగేసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఇది మా ఆయన పెట్టిన నియమం. మా వియ్యంకుడు వచ్చినప్పుడు కూడా తప్పలేదు. ఆయన ఆ తర్వాత మా షెడ్డుకు రావడం మానేశాడు. నాకేమీ ఇబ్బంది కలగలేదు.

ఈ కాలపు వస్తువుల గురించి నన్ను అడిగేవాళ్లు తక్కువ, అడగకపోయినా నేను చెబుతాను. మిక్సీ పాడైతే కొత్తది కొనడమే మేలంటారు. అందులో పోయింది ఒక చిన్న బొగ్గుముక్క మాత్రమే అని విప్పి చూపిస్తే, మళ్లీ ఎవరు తిరుగుతారమ్మా అంటారు. ఇప్పుడొచ్చే బల్బులు విప్పడానికి వీలు లేకుండా అతికించి పంపుతున్నారు. విప్పడానికి వీల్లేని వస్తువును నేను వస్తువు అనను. కొత్త మోటార్లలో ఇనుము పల్చన, వైరు సన్నం, పైన రంగు మాత్రం బాగుంటుంది. మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు. కుండ ఉంది, పదహారేళ్లుగా అదే కుండ. వైరు చుట్టలో మిగిలిన ముక్కలు నేను పారేసేదాన్ని కాదు. మూర పొడవున్నా సరే చుట్టి గోడకు తగిలించిన గోతాంసంచిలో వేసేదాన్ని. ఎప్పుడైనా పొడవు చాలకపోతే ఆ సంచిలో నుంచి ఒక ముక్క తీసి అతికేదాన్ని. అతుకు గాడిలో పడకుండా కొసన ఉండేలా చూసి, గట్టిగా మెలిపెట్టి, పైన టేపు మూడు వరుసలు చుట్టేదాన్ని.

మోటారు అయ్యాక నీళ్లలో ముంచి పరీక్ష చేయాలి. వైరు పైపూత ఎక్కడైనా చిట్లితే కరెంటు నీళ్లలోకి పోతుంది. దానికి మా ఆయన కాలం నుంచి ఒక బల్బు ఉంది. ఒక వైరు మోటారు లోపలి వైండింగుకు, ఒక వైరు దాని ఇనుప ఒంటికి పెడితే, బల్బు వెలగకపోతే మంచిది, వెలిగితే చెడ్డది. మా వాడు నాలుగేళ్ల కింద మెగ్గర్ అనే మీటరు కొన్నాడు. వెలుగు, చీకటి అని కాకుండా పూత ఎంత గట్టిగా ఉందో అంకెలో చూపిస్తుంది. కోడలు దాన్నే వాడుతుంది. మోటారును సగం రోజు నీళ్లలో నాననిచ్చి అప్పుడు చూడాలంటుంది. దుడ్లు పెట్టి కొన్న వస్తువు కాబట్టి నేను వద్దనలేదు. నమ్మనూ లేదు.

పోయిన ఎండాకాలం కుందుర్పి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. యాభై ఏళ్ల లోపు మనిషి, ఒక మోకాలు సరిగ్గా వంగదు. అతనికి మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. చెట్లకు తొమ్మిదేళ్లు. వేరుశనగ రెండేళ్లు వరసగా ఎండిపోయాక ఉన్నదంతా ఆ తోట మీద పెట్టాడు. చెట్ల మీద నిమ్మకాయంత కాయ ఉంది. ఆ సమయంలో నీళ్లు ఆగితే ముందు కాయ రాలుతుంది, ఇంకా ఆగితే కొమ్మ ఎండుతుంది, ఆ తర్వాత చెట్టే పోతుంది. మళ్లీ నాటి కాపుకు తెచ్చే వయసు తనకు లేదని అతనే చెప్పాడు. మోటారు కాలింది, రేపటికి కావాలన్నాడు.

ఆ మోటారు చుడుతుంటే చివరి గాడుల దగ్గర వైరు అయిపోయింది. రెండు బారలు తక్కువ. కోడలు ఈ వైరు తీసేసి కళ్యాణదుర్గం నుంచి కొత్త చుట్ట తెప్పిద్దాం అంది. రెండు బారల కోసం చుట్టినదంతా విప్పుతారా అన్నాను.

"నీళ్లలో ఉండే మోటారు అత్తా, అతుకు వద్దు," అంది.

"మీ మామ ఉన్నప్పుడు ఎన్ని అతుకులు ఏసినామో నీకు తెలుసునా. ఒక్కటన్నా కాలినాదా?"

ఆమె తల దించి తన కొసన వైరు సర్దుకుంది. అది ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు. సంచిలో నుంచి ముక్క తీసి అతికాను. రైతు బల్ల మీద కూర్చొని మాటిమాటికీ ఎండ వైపు చూస్తున్నాడు. డ్రమ్ములో ఎక్కువసేపు నానబెట్టలేదు. బల్బు పెట్టి చూశాను, వెలగలేదు. తీసుకుపొమ్మన్నాను.

నాలుగు రోజుల తర్వాత అతను మోటారు లేకుండా, ఫోను పట్టుకొని వచ్చాడు. అతని తోట ఊరికి దూరం, మోకాలు చూస్తే అలాంటిది. అందుకని సిమ్ము వేసే స్టార్టరు డబ్బా ఒకటి పెట్టించుకున్నాడు. టీ అంగడిలో కూర్చొని ఫోను నొక్కితే తోటలో మోటారు తిరుగుతుంది. ఏదైనా తేడా వస్తే అదే ఆపేసి ఫోను చేసి చెబుతుంది.

"గంట తిరిగితే చాలు పెద్దమ్మా, అదే నిలబడిపోతాండాది. లోడు ఎక్కువైందని చెప్తాండాది. మళ్లా ఏస్తే మళ్లా నిలుపుతాండాది."

నేను ఆ ఫోను వైపు చూడలేదు. నేను చుట్టిన మోటారులో తప్పు ఉందని ఒక డబ్బా చెప్పడం నాకు నచ్చలేదు. అప్పుడు అలా అనుకోలేదు, ఇప్పుడు చెబుతుంటే తెలుస్తోంది. అప్పుడు అనుకున్నది, ఇలాంటివి లేనిపోని భయాలు పెట్టి మనుషుల్ని తిప్పుతాయని.

"ఏమప్పా, మోటారు నీళ్లలో ఉండాదా, నీ ఫోనులో ఉండాదా? ఆ డబ్బా తీసి పక్కన పెట్టు. డైరెక్టుగా కరెంటు ఇయ్యి."

కోడలు ఒకసారి మోటారు పైకి తీసి మీటరు పెట్టి చూద్దామంది. పైకి తీయాలంటే బండి కావాలి, ఒక పూట పోతుంది, చెట్లకు నీళ్లు పోతాయి అన్నాను. రైతు నా మాటే విన్నాడు. ఈ దారిలో అందరూ నా మాటే వింటారు.

డబ్బా తీసేశాక మోటారు ఒకటిన్నర రోజు ఆగకుండా తిరిగింది. ఆ తర్వాత కాలిపోయింది.

మా వాడే బండితో దాన్ని పైకి తీశాడు. రైతు వెంట వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. చెట్లకు టాంకరుతో నీళ్లు తోలుతున్నానని, ఒక్కో చెట్టుకు నాలుగు బిందెల లెక్కన పోస్తున్నానని, వెనక వరసకు చేరేసరికి ముందు వరస ఆరిపోతోందని చెప్పాడు. ఆకు ముడుచుకుపోతోంది, కింది కొమ్మల కాయ కొంత రాలింది. అతని మాటలో గొడవ ఏమీ లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు.

కాలిన వైరును ఎప్పుడూ సుత్తి, ఉలి పెట్టి కోసి లాగేస్తాం. ఎక్కడ కాలిందో చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ రోజు కోడలు ఉలి పట్టలేదు. చేత్తో ఒక్కో వైరే విప్పింది. వైరు పైపూత అంతా కొత్తదానిలా తెల్లగా ఉంది. నేను వేసిన అతుకు దగ్గర మాత్రం టేపు కరిగిపోయి, రాగి కాలి, చిటికెన వేలు పట్టేంత నల్లటి గుంట పడింది. ఆమె ఆ ముక్కను కోసి నా మోకాలి పక్కన పెట్టింది. రైతు వైపు చూడలేదు. నా కొడుకును కళ్యాణదుర్గం పంపి కొత్త చుట్ట తెప్పించింది. నన్ను అడగలేదు.

ఇద్దరం రెండు కొసల్లో కూర్చున్నాం. నేను లెక్క చెబుతూ వైరు తోస్తున్నాను. బల్ల మీద రైతు మా నియమం మరిచిపోయి ఎవరితోనో ఫోనులో మెల్లగా మాట్లాడుతున్నాడు. డబ్బా అమ్మినవాడి దగ్గరికి పోతానని, దాని వల్లే మోటారు కాలిందని, షెడ్డులో పెద్దమ్మ ముందే చెప్పిందని, ఆమెను కూడా సాక్ష్యం తీసుకొస్తానని అంటున్నాడు.

పద్నాలుగు అన్నాను. పదిహేను అనలేదు. కోడలు అటు కొసన వైరు పట్టుకొని ఆగింది. ఇన్నేళ్లలో మొదటిసారి లెక్క నడుమ మాట్లాడాను.

"డబ్బా అమ్మినోని దగ్గరికి పోవద్దప్పా. ఆ డబ్బా నిజమే చెప్పినాది. నేను వైరు చాలక అతుకు ఏసినా. ఆడ నుంచే నీళ్లు దిగినాయి. అది నిలుపుతా వచ్చినాది, తీసెయ్యమని నేనే చెప్పినా. కాలింది నా చేతి పని."

అతను ఫోను కిందికి దించాడు. నేను కాలిన ముక్క తీసి అతని చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమన్నా తిడతాడని ఎదురుచూశాను, తిడితే పడేదాన్నే. ముక్కను బల్ల మీద పెట్టి ఒక్క మాట అడిగాడు.

"ఇంతకు ముందు ఈడ చుట్టినాక కాలినవి కూడా ఇట్లేనా పెద్దమ్మా?"

"తెలీదప్పా. ఎప్పుడూ చూల్లేదు."

అది నిజం. ఒక్కటన్నా కాలిందా అని కోడలిని అడిగినదాన్ని, నా దగ్గర దానికి జవాబు ఎన్నడూ లేదు. కాలినవన్నీ ఉలితో కోసి పారేశాం, కరెంటు మీద వేశాం.

కోడలు ఆ గాడిలోని పద్నాలుగు చుట్లూ లాగేసింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి లెక్క ఆమె చెప్పింది. ఎక్కడా అతుకు లేకుండా ఒకే వైరుతో ముగించాం. మరునాడు సగం రోజు డ్రమ్ములో నానబెట్టి, ఆమె మీటరు పెట్టి అంకె చదివి నాకు చూపించింది. బల్బు కూడా తెచ్చి పెట్టబోతే, అవసరం లేదత్తా అంది. ఆ రెండు రోజులూ టాంకరు నీళ్లు నా దుడ్లతో నేను పోయించాను.

మోటారు దించిన రోజు నేనూ తోటకు పోయాను. ముందు వరసల కింద రాలిన కాయలు ఆకుపచ్చగా, గట్టిగా, దేనికీ పనికిరాకుండా పడి ఉన్నాయి. వెనక వరసలో మూడు చెట్లకు పై కొమ్మలు ఎండాయి. మిగతా చెట్లు నిలిచాయి. రైతు డబ్బాను మళ్లీ గోడకు బిగించాడు. అందులో ఇంకొకరి నంబరు కూడా పెట్టుకోవచ్చట.

"నీ నంబరు కూడా ఏస్తా పెద్దమ్మా. నిలబడితే నాకు చెప్పినట్టే నీకూ చెప్తాది. ఈసారి దాని మాట కూడా రవ్వంత విందువు."

వద్దనలేదు. నంబరు అంకె అంకెగా చెప్పాను.

ముక్కల సంచిని పారేయలేదు, రాగిని పారేసే మనిషిని కాను. ఆ వైర్లతో పెరట్లో చిక్కుడు పందిరి కట్టాను, ఒక దండెం కట్టాను. మోటార్లలోకి మాత్రం అవి పోవు. కాలిన మోటారు వస్తే ఉలి పట్టేముందు కాలిన చోటు వెతికి, అది ఏమిటో గోడ మీద సుద్దతో రాస్తున్నాం. ఇంతవరకు రాసినవాటిలో కరెంటు వల్ల కాలినవే ఎక్కువ. అన్నీ మాత్రం కాదు.

నా దగ్గర ఉన్నది బటన్ల ఫోను. పొద్దున పొయ్యి దగ్గర ఉండగా అది మోగుతుంది. ఎత్తితే ఎవరో ఆడమనిషి గొంతు, మోటారు ఆన్ అయినది అంటుంది. నేను సరే అంటాను. దానికి జవాబు చెప్పాల్సిన పని లేదని కోడలు ఎన్నిసార్లు చెప్పినా నోట్లో నుంచి ఆ మాట వస్తూనే ఉంది. మధ్యాహ్నం మళ్లీ మోగి, ఆఫ్ అయినది అంటుంది. ఈ రెంటికీ నడుమ మోగిందంటే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి, పూర్తిగా విని, కోడలిని పిలుస్తాను. లెక్క నడుమ ఉన్నా సరే.