స్విమ్మింగ్ పూల్ గల హౌజ్

ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో మా పక్కిల్లు ఇస్సాకన్నయ్యది. ఇల్లంటే మీరనుకునే ఇల్లు కాదు. కింద ఆవరణంతా ఒక పెద్ద హౌజ్, దాని వెనక స్తంభాల మీద రెండు గదులు, అంతే. హౌజ్ అంటే నీళ్ల తొట్టి, పాతబస్తీలో అందరూ అలాగే అంటారు. మేం తణుకు నుంచి బదిలీ మీద వచ్చిన కొత్తలో నాకా సంగతి తెలియదు. మర్యాదగా "మీ హౌజ్ బాగుందన్నయ్యా" అన్నాను. ఆయన మురిసిపోయి నన్ను తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, కర్ర ముంచి లోతు చూపించాడు.

పూర్వం అక్కడ బట్టలకు రంగులద్దే కార్ఖానా ఉండేదట. అది మూతపడ్డాక ఆ తొట్టిని చూసి ఎవరూ కొనడానికి ముందుకు రాలేదు. ఇస్సాకన్నయ్య కొన్నాడు. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పట్టాల వెంట నడిచి నడిచి రిటైరైన మనిషి. సిగ్నల్ పడితే రైలు వస్తుందని ఎలా నమ్మాడో, మనిషి నోరు తెరిస్తే నిజమే వస్తుందని అలాగే నమ్ముతాడు. దబీర్‌పురాలో ఎవడో మాట్లాడే చిలక అని చెప్పి ఒక దాన్ని అంటగట్టాడు. ఏడాదైనా అది నోరు విప్పలేదు. "ఆలోచిస్తుంది చెల్లె" అన్నాడు నాతో. ఏం చెప్పమంటారు!

ఆయన భార్య సుందరమ్మ వదిన సర్కారు దవాఖానలో ఆయాగా చేసింది. ఏళ్ల తరబడి నిలబడ్డ కాళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి. ఇంటి మెట్లేమో నిట్టనిలువు. మొదట్లో ఆదివారం చర్చికైనా దిగేది. పోయిన ఏడాది నుంచి అదీ లేదు. పాస్టరు గారు కింద గల్లీలో నిలబడి ప్రార్థన చేస్తే వదిన బాల్కనీలోంచి ఆమెన్ అనేది. కూరగాయల బండి వస్తే తాడుకు కట్టిన బుట్ట దించేది. ఆ బుట్ట దిగినప్పుడల్లా ఇస్సాకన్నయ్య మొహం చూడలేకపోయేదాన్ని.

"ఎట్లనన్న దీన్ని కిందికి దింపాలె చెల్లె. ఈ ఇల్లమ్మి యాడనన్న నేల మీది ఇల్లు కొంట" అని ఆయన పట్టుదల. ఆ తొట్టి ఉన్న ఇల్లు ఎవరు కొంటారు? వచ్చినవాళ్లంతా తొట్టిని చూసి, ముక్కు మూసుకుని, వచ్చిన దారినే పోయారు. పూడ్పిద్దామంటే మా గల్లీలోకి మట్టి లారీ రాదు.

అప్పుడు దిగబడ్డాడు ఆయన మేనల్లుడు ప్రణీత్. వాడు ఊరికి అటుపక్క, ఆకాశానికంటే మేడలు అమ్మే కంపెనీలో పని చేస్తాడు.

"మామా, నీకు దిమాక్ లేదు. మా దిక్కు స్విమ్మింగ్ పూల్ ఉంటే ఇంటి రేటే వేరు. నీకు ఫ్రీగ ఉన్నది పూల్, దాన్ని పట్టుకొని హౌజ్ హౌజ్ అంటవేంది?"

ఇస్సాకన్నయ్య నమ్మేశాడు. ఇంకేముంది! తొట్టికి సున్నం కొట్టించారు. గోడ మీద ప్రణీత్ డాల్ఫిన్ బొమ్మ వేయించాడు, అది అచ్చం కొర్రమీనులా వచ్చింది. రెండు ప్లాస్టిక్ కుర్చీలూ, పానీపూరీ బండివాడి దగ్గర తెచ్చిన ఒక గొడుగూ. గల్లీలో పట్టే చిన్న ట్యాంకరుతో నీళ్లు నింపితే తెల్లగానే ఉన్నాయి. నీలంగా ఉంటే తప్ప పూల్ కాదన్నాడు మేనల్లుడు. బట్టలకు పెట్టే నీలిమందు సీసాలకు సీసాలు గుమ్మరించారు. ఆ ట్యాంకరు రివర్సులో వచ్చి మా కరివేపాకు చెట్టును విరగ్గొట్టింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

గేటుకు బోర్డు పెట్టారు. 'స్విమ్మింగ్ పూల్ గల' అన్నది చిన్నక్షరాల్లో, 'హౌజ్ అమ్మబడును' అన్నది ఇంతింత అక్షరాల్లో రాశాడు పెయింటరు. మా బస్తీలో ఆ మాటకు ఒక్కటే అర్థమని ఆ మహానుభావులెవరికీ తట్టలేదు.

మొదట వచ్చినవాడు గోవర్ధన్ అని పాల వ్యాపారి. నేను గోడవతల బట్టలారేస్తున్నాను, అంతా విన్నాను.

"అన్నా, హౌజ్ కోసం వచ్చిన. ఎందరు పడతరు దీంట్ల?"

"నలుగురు ఆరామ్‌గ పడతరు" అన్నాడు ఇస్సాకన్నయ్య, పై గదుల వైపు చూస్తూ.

"నలుగురేనా! మాయి పన్నెండున్నయి కదన్నా."

"పన్నెండా! అందరొక్క ఇంటోళ్లేనా?"

"సగం ఒక్క తల్లి పిల్లలే. అన్ని ఆడియే. మగది ఒక్కటే, దాన్ని బయట కట్టేస్త, ఫికర్ లేదు."

ఇస్సాకన్నయ్య బిత్తరపోయాడు. "కట్టేసుడేందన్నా, పాపం! కుర్చీ ఏసి కూసోబెట్టరాదా?"

"దున్నపోతుకు కుర్చీయా!" అన్నాడు గోవర్ధన్.

నాకు నవ్వాగక తడి చీర నోట్లో కుక్కుకున్నాను. ఇల్లు కాదు, ఎండాకాలం బర్రెలను ముంచడానికి తొట్టి కావాలట ఆయనకు! తర్వాత బతికున్న చేపలమ్మేవాడు వచ్చాడు. పెళ్లిళ్లకు వంట చేసేవాడొకడు, గిన్నెలు నానబెట్టుకోవడానికి రోజు కిరాయికి ఇస్తారా అనడిగాడు. అందరికీ హౌజ్ కావాలి, ఇల్లెవరికీ అక్కర్లేదు.

చివరికి నిజంగా ఇంటి కోసం వచ్చాడు వేణుగోపాల్, గాజుల దుకాణం యజమాని. వెంట భార్య వీణ. ఆమెకు పూల్ మీద మనసు పడింది, ఫోన్లో ఫోటోలు తీసుకుంటోంది. ఆయన బయానా డబ్బు చేతిలో పట్టుకుని కూడా అనుమానపడ్డాడు.

"ఇది పూల్ అని ఏం నమ్మకం భాయ్? ఎవరన్న ఈత కొడితే చూస్త. నీళ్లు నింపినంత మాత్రాన అయితదా?"

నిజమే కదా! కానీ ఎవరు ఈదుతారు? ఇస్సాకన్నయ్యకు ఈత రాదు. ప్రణీత్ పూల్ అమ్ముతాడే గానీ దిగడు. గల్లీ అంతా మూగింది, ఒక్కరూ కదలలేదు. ఇస్సాకన్నయ్య మొహం పాలిపోయింది. ఈ బేరం తప్పితే వదిన బతుకంతా ఆ బాల్కనీలోనే.

"ఆగుండ్రి, నేనొస్తున్న" అని పైనుంచి కేక.

సుందరమ్మ వదిన! మెట్టు మెట్టుకూ కూర్చుంటూ, చేతులతో జరుగుతూ కిందికి వచ్చింది. నేను పరుగున వెళ్లి పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. మంజీర ఒడ్డున పుట్టిన పిల్ల, ఈత వచ్చని మాలో ఎవరికీ తెలియదు. తెల్ల చీర కొంగు నడుముకు దోపి, రంగుల కార్ఖానావాళ్లు లోపల కట్టుకున్న మెట్ల మీదుగా నీళ్లలోకి దిగింది. ఒక మునక వేసింది. ఈ చివర మునిగి ఆ చివర తేలింది! తర్వాత గుండె లోతు నీళ్లలో నిలబడి అటూ ఇటూ నడిచింది. కుంటడం లేదు. నేను చూస్తూనే ఉన్నాను, అసలు కుంటడం లేదు!

గల్లీ అంతా చప్పట్లు. వీణ మొగుడి భుజం గిల్లింది. వేణుగోపాల్ అడక్కుండానే ధర పెంచాడు.

"సుందరా, ఇల్లు అమ్ముడుపోయినట్టేనే! ఇగ రా బయటికి" అన్నాడు ఇస్సాకన్నయ్య చెయ్యి చాపి.

వదిన రాలేదు. చీర మొత్తం నీలమైపోయింది, చేతులు నీలం, మొహం మీద కన్నీళ్లు. "నొప్పి లేదయ్యా. నీళ్లల్ల మోకాళ్లే లేనట్టుంది. మస్తు దినాలైంది నేను నడ్సి." కళ్లు తుడుచుకుంది. "నువ్వు ఇల్లమ్ముకో. హౌజ్ మాత్రం అమ్మకు."

"హౌజ్ లేని హౌజ్ నాకెందుకు!" అని అరిచాడు వేణుగోపాల్.

ఆయన ఇంకా పెంచాడు. ఆయన పెంచేకొద్దీ వదిన ఇంకో ఈత కొట్టింది. వదిన ఈదేకొద్దీ వీణ ఇంకా పెంచమంది. ఆ ఇంటికి అంత ధర ఎన్నడూ పలకలేదు, ఇక పలకదు కూడా. చివరికి ఆయన బయానా జేబులో పెట్టుకుని, పెళ్లాన్ని రెక్క పట్టి లాక్కుపోయాడు. ప్రణీత్ తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

ఇస్సాకన్నయ్యకు కోపం రాగా నేను చూడటం అదే మొదలు. "గీ లొల్లంతా ఎవరి కోసమే? నిన్ను కిందికి దింపాలనే గద!"

"దిగిన గద. ఇగ ఎక్క. గీ హౌజ్ పక్కకు నాలుగు రేకులెయ్యి, ఈడనే ఉంట. మేడ నాకెందుకయ్యా? నాకెన్నడు వద్దు మేడ."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి!"

"నువ్వెన్నడన్న అడిగినవా?"

ఆయన చెప్పులైనా విడవకుండా, ఈత రాని మనిషి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. ఆ నీలం నీళ్లలో ఆమె ఎదురుగా వణుకుతూ నిలబడ్డాడు.

"ఇప్పుడడుగుతున్న సుందరా" అన్నాడు. "ఇంకేం గావాలె నీకు?"